సంఘం చూడవచ్చిన మిషను

తనను ముంచింది రాకేశే అని దేవదాస్ బుధవారం పొద్దుటి నుంచి కనబడ్డ ప్రతివాడికీ చెబుతూనే ఉన్నాడు. చాయ్ హోటల్ దగ్గర చెప్పాడు. నూలు బస్తాలు దింపుతున్న హమాలీకి చెప్పాడు. పాలు పోసే ఆమె గిన్నె చేతికిచ్చి వెనక్కి తిరగబోతుంటే ఆమెనూ నిలబెట్టి చెప్పాడు.

"గంగాధర చౌరస్తాల నెట్ సెంటర్ రాకేశ్ లేడూ, వాడే. నీ తువ్వాళ్లు ఆన్‌లైన్ల పెడ్త కాకా, దేశమంత కొంటరని నా ఇంటి సుట్టు తిరిగిండు. ప్యాకెట్టుకు మూడు రూపాయలు లెక్కన గుంజిండు. ఇయ్యాల కంపెనీ రూల్ మార్చి నా గొంతు మీద కాలు పెడితే వాడేడున్నడు? భైంసాల అత్తగారింట్ల మటన్ తినుకుంట కూసున్నడు."

అందులో కొంత నిజమే. గర్షకుర్తిలో దేవదాస్‌కు నాలుగు మరమగ్గాలున్నాయి. రెండేళ్లుగా తువ్వాళ్లను మూడేసి ప్యాకెట్టు కట్టి, రెండు వందల తొంభై తొమ్మిదికి ఆన్‌లైన్‌లో సరుకు అమ్మిపెట్టే కంపెనీ ద్వారా అమ్ముతున్నాడు. ప్యాకెట్టు ఇల్లు దాటిన ఏడో రోజుకు డబ్బు పడేది. కొన్నవాళ్లు నచ్చలేదని తిప్పి పంపితే, ఆ డబ్బును తరవాత ఇవ్వాల్సిన దాంట్లో కోసుకునేవాళ్లు. ఈ నెల నుంచి అంతా తిరగబడింది. సరుకు కొన్నవాడి చేతికి చేరాలి, వాడు తిప్పి పంపే గడువు ముగియాలి, ఆపైన ఇంకో వారం గడవాలి, అప్పుడుగాని డబ్బు రాదు. తిరిగొచ్చిన సరుకు డబ్బు మాత్రం ఒక్క రోజు ఆగరు. బ్యాంకు ఖాతాలో నుంచి నేరుగా లాగేసుకుంటారు. ఇచ్చే చెయ్యికి నెల, తీసుకునే చెయ్యికి నిమిషం.

తిరిగొచ్చినవి తొంభై ఆరు ప్యాకెట్లు. తెల్ల తువ్వాలకు ఎర్ర అంచు. ఒక్క ఉతుకుకే అంచు రంగు దిగి తువ్వాలంతా గులాబీ అయింది. ఎర్ర నూలు చవకగా దొరికిందని కొన్నది దేవదాసే. ఆ సంగతి అతను చాయ్ హోటల్ దగ్గర చెప్పలేదు. ప్యాకెట్ల డబ్బు, రానుపోను కొరియర్ ఖర్చు కలిపి ముప్పై ఏడు వేల రెండు వందల నలభై ఎనిమిది వసూలు చేసుకున్నామని మంగళవారం సాయంత్రం కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది.

చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఆ బ్యాంకు ఖాతా అతనిది కాదు. మగ్గాల మీద తీసుకున్న అప్పు కట్టక అతని ఖాతా బ్యాంకు పట్టులో ఉంది. అందులో రూపాయి పడితే రూపాయి వాళ్లే తీసుకుంటారు. అందుకే ఆన్‌లైన్ వ్యాపారమంతా తన దగ్గర తువ్వాళ్లు కుట్టే కనకవ్వ పేరు మీద పెట్టించాడు. డబ్బు ఆమె ఖాతాలో పడేది, ఆమె వేలిముద్ర వేసి తెచ్చి పైసాతో సహా అతని చేతిలో పెట్టేది. ఎప్పుడూ వెయ్యి మించి నిలవ ఉండని ఖాతాలో నుంచి ముప్పై ఏడు వేలు ఎలా వసూలయ్యాయని రాత్రి పడుకునేటప్పుడు ఒక్కసారి అనుమానం వచ్చింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కనకవ్వ పదకొండు గంటలకు వచ్చింది. రోజూ ఎనిమిదికే వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, కొంగు నడుముకు దోపి, కుట్టు మిషను మీది గుడ్డ తీసి, బెల్టు ఒకసారి చేత్తో లాగి చూసుకుని కూర్చునే మనిషి. ఇవాళ చెప్పులతోనే లోపలికి వచ్చింది. చేతిలో వేలిముద్ర మిషను దగ్గర ఇచ్చిన చిన్న కాగితం ముక్క.

"దేవదాసూ, జెర గిది సదువు. గా పిలగాడు తప్పు కొట్టిండో ఏమో. మూడు వేల ఎనిమిది వందలే ఉన్నయంటున్నడు."

"ఎన్ని ఉండాలె వదినె?"

"మొన్న సోమవారం సంఘం లోను నలభై వేలు పడ్డయి గద. మీదికెళ్లి నాయి వెయ్యి చిల్లర."

దేవదాస్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. చదవడానికి అందులో ఏమీ లేదు. మూడు వేల ఎనిమిది వందల పన్నెండు. అంతే. కనకవ్వ అతనికి వదిన వరస. అతనికి మగ్గం పని నేర్పిన రాయమల్లు భార్య. రాయమల్లు పోయి ఆరేళ్లయింది. ఆమె మహిళా సంఘంలో లోను తీసుకుని సొంతంగా మోటారు మిషను కొనుక్కుంటుందని దేవదాస్‌కు తెలుసు. డబ్బు సోమవారమే పడిందని తెలియదు. అడగనూ లేదు.

"రాకేశ్ చేసిండు వదినె," అన్నాడు. నోటికి అలవాటైపోయిన మాట అదే ముందు వచ్చింది. "కంపెనీ రూల్ మార్చింది. వాడు మనకు చెప్పలే. నేనిప్పుడే పోత. నువ్వు ఎవలకు చెప్పకు."

"రాకేశ్ ఎవలు దేవదాసూ? నేను వాన్ని ఎన్నడన్న జూసిన్నా? నా ఆధారు కారటు నీ చేతుల వెట్టిన. నాకు తెల్సింది నువ్వు."

"ఫికర్ చెయ్యకు."

"శనివారం సంఘపోల్లు మిషను చూడనీకి వస్తరు. లోను వట్టి ఏమేమి కొన్నవో అందరొచ్చి చూసి ఫోటో దిగాలె. అట్లయితేనే తర్వాతోల్లకు లోను. బుచ్చవ్వ బర్రెను కొననీకి నా ఎనుక లైన్ల ఉన్నది."

కనకవ్వ చెప్పులు బయట విడిచి వచ్చి మిషను దగ్గర కూర్చుంది. తువ్వాల అంచును బొటనవేలి గోరుతో గీసి, రెండు మడతలు వేసి, మిషను పాదం కిందికి నెట్టింది. సూది టకటకమంటూ పరుగెత్తింది. దేవదాస్ బండి తాళం చెవి కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. అది బండికే ఉంది.

రాకేశ్ భైంసాలో లేడు, గంగాధర దుకాణంలోనే ఉన్నాడు. ముప్పై ఏళ్లవాడు, రెండు రోజుల గడ్డం, మెడలో ఇయర్‌ఫోన్ తీగ వేలాడుతోంది. ఎదురుగా పట్టాదారు పుస్తకం జిరాక్సుకు వచ్చిన ఇద్దరు రైతులు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. దేవదాస్ గుమ్మంలో నుంచే మొదలుపెట్టాడు.

"ఏందిరా, ముండమోపి పైసలు గూడ తినవడితివి?"

"కాకా, కూసో. నీళ్లు తాగు," అన్నాడు రాకేశ్. గొంతు పెంచలేదు. "పొద్దుగాల సంది ముగ్గురు ఫోన్ చేసిండ్రు. ఊరంత నా పేరు మోగిస్తున్నవంట. మటన్ ముచ్చట గూడ చెప్పినవంట గద? మా అత్తగారింట్ల మటన్ వండలే. మా అత్త ఉపాసం."

బెంచీ మీది ముసలి రైతు పుసుక్కున నవ్వాడు.

"నవ్వులాట కాదు. నువ్వు రూల్ మారిందని చెప్తె నేను ఆపుకుందును. కనకవ్వ సంఘం పైసలు పోయినయి. ఎవలిస్తరు?"

రాకేశ్ కంప్యూటరును అతని వైపు తిప్పాడు. వేలితో ఒక వరుస మీద తాకి చూపించాడు. "ఇగో. ఒప్పుకుంటున్నమని ఒత్తింది నీ ఫోన్‌ల నుంచి. పదకొండో తారీఖు, పొద్దుగాల పదీ నలభై. ఓటీపీ కనకవ్వ నంబరుకు పోయింది. మూడు నిమిషాలల్ల కొట్టినవు. ఖాతాల నుంచి కోసుకోరి అని మనమే రాసిచ్చినం."

"నువ్వు చెప్పలే!"

"చెప్పలేదా?" రాకేశ్ తన ఫోన్ తీశాడు. కాసేపు పైకి కిందికి జరిపి, ఒక చోట నొక్కి, బల్ల మీద పెట్టాడు. రాకేశ్ గొంతే దుకాణమంతా పలికింది. వెనక ఎవరో చంటిపిల్ల ఏడుపు. *కాకా, కంపెనీది ఎర్ర గీత ఒకటి వస్తది, దానిమీద ఒత్తకు. మన ఖాతాల చెయ్యి పెడతమంటున్నరు. నేను ఎల్లుండి వస్త, వచ్చినంక చూద్దాం. ఒత్తకు కాకా.*

"తొమ్మిదిన్నరకు పెట్టిన. నువ్వు ఇన్నట్టు నీలం గుర్తు గూడ ఉన్నది. ఇగో."

దేవదాస్‌కు ఆ పొద్దు కళ్ల ముందు కదిలింది. ఫోన్ తెరిస్తే పదకొండు కొత్త ఆర్డర్లు, వాటి పైన ఎర్ర గీత. ఒప్పుకోకుంటే నీ సరుకు ఎవరికీ చూపించం అన్న మాట ఒక్కటే అర్థమైంది. పిల్లగాళ్లు ప్రతిదానికీ భయపడతారు, వ్యాపారం చేసేది నేనా వాడా అనుకున్నాడు. మగ్గాల చప్పుడులో వినబడేలా వాకిట్లో నుంచి కేకేశాడు: "వదినె, నీ ఫోన్ల ఆరంకెలు వచ్చినయి, సదువు!" అక్షరం రాని కనకవ్వకు అంకెలు వచ్చు. పళ్ల మధ్య దారం పట్టుకునే ఒక్కొక్క అంకె చదివి చెప్పింది. ఏమిటని అడగలేదు.

"వాపస్ రావా?" అన్నాడు దేవదాస్.

"కంపెనీకి రాస్త. గని మనమే ఒప్పుకున్నంక రావు కాకా. నీకు ఊకె ఆశ పెట్టను." రాకేశ్ కంప్యూటరును తన వైపు తిప్పుకున్నాడు. "మంచిగ నడిచిన రెండేండ్లు నీ తెలివి. చెడంగనే నేను దొంగనైతినా?"

ముసలి రైతు ఈసారి నవ్వలేదు. పక్కకు జరిగి, బెంచీ మీద చోటిచ్చాడు. ఆ చోటులో కూర్చోవడం కంటే అక్కడి నుంచి పోవడమే నయమనిపించింది దేవదాస్‌కు.

నాలుగు గంటలకు ఇల్లు చేరేసరికి కనకవ్వ ఇంకా కుడుతోంది. పక్కన మడత పెట్టిన తువ్వాళ్లు మోకాలి ఎత్తు పేరుకున్నాయి. మిషను ఆపి తల ఎత్తింది.

"ఏమన్నడు?"

దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే వచ్చాడు. నిజం చెబుదామనే అనుకున్నాడు. గుమ్మంలో ఆమె చెప్పులు పక్కపక్కన పొందికగా విడిచి ఉండటం చూశాక నోరు వేరే దారి పట్టింది.

"కంపెనీదే తప్పట వదినె. పది దినాలల్ల వాపస్ ఏస్తరట."

కనకవ్వ అతని ముఖంలోకి చూసింది. లోపల ఒక మగ్గం దారం తెగి ఆగింది. పనివాడు తిట్టుకుంటూ ముడి వేసి, మళ్లీ నడిపించేదాకా చూసింది.

"గా ఆరంకెలు నేనే సదివి చెప్పిన గద దేవదాసూ," అంది. "నా తప్పేమో."

ఆ మాట దగ్గర తప్పు నాదే అని ఒక్క ముక్క అని ఉంటే అంతా అక్కడితో పోయేది. దేవదాస్ తువ్వాళ్ల దొంతరను చక్కగా ఉన్నదాన్నే మళ్లీ చక్కబెట్టాడు.

"ఏమో వదినె. పాపం, నీకేం తెల్సు," అన్నాడు.

కనకవ్వ తల దించి దారం కొరికింది.

"మరి శనివారం సంఘపోల్లకు ఏం జూపియ్యాలె?"

దానికి అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. గంగాధర నుంచి వచ్చేటప్పుడే పుట్టిన ఉపాయం. "గీ మిషనే మీ ఇంట్ల పెడదం. ఒక్క గంట. వాళ్లు చూసి ఫోటో దిగి పోయినంక తెచ్చుకుంట. పది దినాలకు నీ పైసలు వస్తయి, నువ్వు కొత్తది కొనుక్కుంటవు. ఎవలకు తెలుస్తది?"

"అబద్ధం జూపియ్యాల్నా?"

"ఒక్క గంట వదినె."

"నీ ఇష్టం," అంది కనకవ్వ.

పది రోజుల తరవాత ఏం చెయ్యాలో అతనికి తెలియదు. పది రోజులు చాలా దూరం అనిపించింది.

గురువారం ఆమె మాట్లాడకుండా పని చేసిపోయింది. శుక్రవారం పానం బాగలేదని కబురు పంపింది. దేవదాస్ ఆ రెండు రోజులూ చాయ్ హోటల్ వైపు పోలేదు. వెళ్తే రాకేశ్ పేరు ఎత్తాలా మానాలా అన్నది తేలలేదు. ఎత్తకపోతే అడుగుతారు. భార్య వినోద అన్నం పెడుతూ, "పైసలు పోయినోనివి మాటలు గూడ పోయినయా?" అంది. పప్పులో ఉప్పు ఎక్కువైందని అరిచి లేచిపోయాడు. ఉప్పు సరిగానే ఉంది.

శనివారం మధ్యాహ్నం దేవదాస్ మిషనును తోపుడు బండి మీదికి ఎక్కించాడు. మిషను తల భాగాన్ని విప్పి గోనెసంచిలో చుట్టాడు. బల్లను, మోటారును తాడేసి కట్టాడు. వినోద గుమ్మంలో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి చూసింది.

"దేవుని పల్లకి ఊరేగిస్తున్నట్టు ఏడికి?"

"వదినె ఇంటికి. ఒక్క గంట పని ఉన్నది."

"ఒక్క గంట పనికి బల్లతోటి పోవాల్నా?"

కనకవ్వ ఇల్లు రెండు గల్లీల అవతల. ముందు గది వెడల్పు మంచమంత. ఆమె అప్పటికే కిటికీ కింద చోటు అలికి ముగ్గేసి ఉంచింది. దేవదాస్ మిషనును దించి, బల్ల ఊగకుండా ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టాడు. తల బిగించాడు, బెల్టు ఎక్కించాడు, రంధ్రాల్లో నూనె చుక్కలు వేశాడు. తీగ బోర్డుకు తగిలించి పాదంతో నొక్కి చూశాడు. మోటారు బుసకొట్టి, సూది గుద్దింది. చేతులు తుడుచుకుని పోబోతుంటే కనకవ్వ అంది.

"ఉండు దేవదాసూ. కరెంటు సంగతి అడిగితే నాకు చెప్ప రాదు."

మూడు గంటలకు సంఘం వచ్చింది. మార్కండేయ మహిళా సంఘం, కనకవ్వతో కలిపి పదకొండు మంది. లీడరు పద్మలత చంకలో రిజిస్టరు, బుచ్చవ్వ చేతిలో కొబ్బరికాయ. గదిలో పట్టక సగం మంది గుమ్మంలో నిలబడ్డారు. పద్మలత మిషనుకు పసుపు, కుంకుమ పెట్టింది. బుచ్చవ్వ కాయ కొట్టింది. ఎప్పుడూ అందరూ ఒకేసారి మాట్లాడే ఆడవాళ్లు ఇవాళ గుడిలో ఉన్నట్టు నెమ్మదిగా ఉన్నారు. దేవదాస్‌కు అది మర్యాదలా తోచింది.

"రసీదు ఏది కనకవ్వా?" పద్మలత రిజిస్టరు తెరిచింది.

కనకవ్వ మిషను మీది పసుపును కొంగుతో సవరిస్తూ ఉండిపోయింది. పది జతల కళ్లు ఆమె మీద ఉన్నాయి. దేవదాస్ వాళ్లిద్దరి మధ్యకు జరిగాడు.

"నేనే అమ్మిన చెల్లె," అన్నాడు. "పాతది గని పక్కా ఉంటది. వదినె చేతుల నడిచిన మిషనే గద."

"ఎంతకు అన్నా?"

రెండేళ్ల కింద కరీంనగర్‌లో తను పెట్టిన ధరే నాలుక చివర ఉంది. "ముప్పై ఒక్క వేల ఐదు వందలు."

"కొన్న ధరకే అమ్మినవా?" బుచ్చవ్వ అంది. "వదినె అని రూపాయన్న తగ్గియ్యలే?"

గుమ్మంలో ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పద్మలత వాళ్ల వైపు ఒక చూపు చూసి, రిజిస్టరులో రాసింది. రాసింది పైకి చదివింది, మాట మాటకీ ఆగుతూ: "గుండ్ల దేవదాస్ అను నేను, నా మోటారు కుట్టు మిషనును కనకవ్వకు ముప్పై ఒక్క వేల ఐదు వందలకు అమ్మి, పైకం మొత్తం ముట్టినదని, ఇకపై ఆ మిషను మీద నాకు ఏ హక్కు లేదని ఒప్పుకుంటున్నాను."

పెన్ను అతని చేతికిచ్చింది.

"ఇంకోపారి నువ్వు సదువుకో అన్నా. ఇసొంటియి సదువకుంట పెట్టద్దు."

ఆ మాట యాదృచ్ఛికంగా అన్నదేలే అని దేవదాస్ అనుకున్నాడు. సంతకం పెట్టనంటే ఎందుకు పెట్టవని అడుగుతారు. అడిగితే పదకొండో తారీఖు దాకా పోవాలి. ఏడో తరగతితో ఆగిపోయిన చేతితో పేరు మొత్తం రాశాడు. పద్మలత తెల్ల పెయింటు డబ్బా తీసి బల్ల అంచు మీద సన్నని కుంచెతో రాసింది: కనకవ్వ, మార్కండేయ మహిళా సంఘం. ఫోటో దిగేటప్పుడు, "నువ్వు గూడ నిలవడు దేవదాసన్నా, అమ్మినోడివి," అని జరిగి చోటిచ్చారు. నిలబడ్డాడు.

వాళ్లు పోయాక గది ఒక్కసారి పెద్దదైనట్టయింది. దేవదాస్ కొబ్బరి చిప్పను దాటి మిషను దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, "పెయింటు కిరసనాయిలు పెడితే పోతది వదినె. చీకటి పడంగ బండి తెస్త," అన్నాడు.

"ఎందుకు?" అంది కనకవ్వ. మిషను ముందు పీట వేసుకుని కూర్చుంది. బెల్టును ఒకసారి చేత్తో లాగి చూసుకుంది.

"అదేంది, ఎందుకంటవు?"

"నిన్న పద్మలతకు నా ఫోను జూపిచ్చిన. గా మెసేజ్‌లు సదివింది. రాకేశ్‌కు ఫోన్ కొట్టింది. ఆ పిలగాడు నీకు చెప్పిన మాటలు ఇనిపిచ్చిండు. ఎనుక చంటిపిల్ల ఏడుస్తది."

దేవదాస్ గుమ్మం వైపు ఒకసారి చూశాడు.

"పద్మలత ఒక్కతేనా ఇన్నది?"

"పదకొండు మందిమి ఇన్నం."

కొబ్బరికాయ కొట్టిన చెయ్యి, కొంగు అడ్డం పెట్టుకున్న నోరు, ఫోటోలో తనకు చోటిచ్చిన భుజాలు, ఒక్కొక్కటీ కళ్ల ముందు తిరిగాయి. రేపు ఉదయం వాళ్లందరూ ఈ గల్లీల్లోనే ఎదురుపడతారు. నమస్తే అన్నా అంటారు కూడా.

"మరి... మొఖం మీద అడుగకపోతిరి?"

"బుధవారం నేను అడిగిన గద," అంది కనకవ్వ. సూదిలోకి దారం ఎక్కిస్తూ ఒక కన్ను మూసుకుంది. "నా తప్పేమో అన్న. నువ్వేమన్నవు?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. చంక సంచిలో నుంచి ఒక పాత చీర ముక్క తీసి, మడిచి, సూది కిందికి నెట్టి, కుట్టు ఎలా పడుతుందో చూసుకుంది. బాగానే పడింది.

"రేపటి సంది తువ్వాళ్లు గీడికే పంపు. నా మిషను, నా కరెంటు. కూలి ఎంతనో వినోదతోటి మాట్లాడుకుంట, నీతోటి కాదు." చీర ముక్కను దులిపి పక్కన పెట్టింది. "నీది వాడిన మిషనని ధర తగ్గియ్యలే దేవదాసూ. నువ్వు చెప్పిన కాడికే కట్టుకున్న. ముప్పై ఏడు వేల రెండు వందల నలభై ఎనిమిదిల అది పోను, నువ్వింక ఇయ్యాల్సింది అయిదు వేల ఏడు వందల నలభై ఎనిమిది రూపాయలు."